మా జిల్లాలో తుపాకుల లెక్క ఎవరు చెబుతారు?

సంపాదకుడు గారికి,

ఆస్ట్రేలియాలో తుపాకుల చట్టాన్ని మళ్లీ బిగిస్తున్నారంటూ మీరు రాసిన సంపాదకీయం వచ్చి చాలా రోజులైంది. అప్పుడే రాయాల్సింది. సంక్రాంతి గిరాకీతో దుకాణం వదిలి కూర్చునే తీరిక దొరకలేదు. అందులో మిగతాదంతా బాగానే ఉంది గానీ, అమెరికాలో ఉన్నటువంటి తుపాకీ సంస్కృతి మన దేశంలో లేకపోవడం అదృష్టం అన్నారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. బరంపురంలో కాపురం ఉంటున్నవాడెవడూ ఆ మాట రాయడు.

2025 డిసెంబర్ 14న సిడ్నీలో బాండై బీచ్ దగ్గర యూదుల పండుగలో కాల్పులు జరిగి 15 మంది పోయారు. కాల్చిన తండ్రీకొడుకుల్లో తండ్రి ఎప్పుడో 1998లో హైదరాబాద్ నుంచి వెళ్లినవాడని తెలియగానే మీ పత్రిక వరసగా నాలుగు రోజులు అదే రాసింది. రాయండి, తప్పులేదు. కానీ దానికి రెండు నెలల ముందు, అక్టోబర్ 6 రాత్రి, మా ఊళ్లో సీనియర్ న్యాయవాది, బీజేపీ నాయకుడు పీతాబాస్ పండా గారిని ఆయన ఇంటి దగ్గరే బైకు మీద వచ్చినవాళ్లు కాల్చి చంపారు. ఊరు ఊరంతా తల్లడిల్లిపోయింది. ఆ వార్త మీ శ్రీకాకుళం ఎడిషన్‌లో లోపలి పేజీలో ఒక మూలన వచ్చింది. ఒడిశాలో ఉన్నంత మాత్రాన మేం తెలుగువాళ్లం కాకుండా పోయామా? ఆ కేసులో అరెస్టులు జరిగాయి, కోర్టు చూసుకుంటుంది. నేను అడిగేది మనుషుల గురించి కాదు, తుపాకుల గురించి. అవి మా వీధుల్లోకి ఎలా వస్తున్నాయి?

ఆస్ట్రేలియాను మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే, కానీ ఎందుకు మెచ్చుకోవాలో మీరు సరిగా చెప్పలేదు. 1996 ఏప్రిల్‌లో టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒక్కడు 35 మందిని చంపాడు. పన్నెండు రోజుల్లో రాష్ట్రాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. ప్రధాని జాన్ హోవర్డ్ పార్టీకి పల్లెల్లో ఓట్లు వేసేవాళ్లే తుపాకుల యజమానులు. అయినా వాళ్ల సభకు వెళ్లి, కోటు లోపల బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకుని మరీ, చట్టం తెచ్చి తీరతానని చెప్పాడు. చట్టం చేసి ఊరుకోలేదు. డబ్బిచ్చి సుమారు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకుని ముక్కలు చేయించారు. ఆ డబ్బు కోసం జనం మీద ఆరోగ్య పన్ను కొంచెం పెంచారు, జనం కట్టారు. అసలు విషయం అక్కడుంది. ఎవరి దగ్గర ఏముందో లెక్క తీశారు, వెళ్లి తెచ్చారు, నాశనం చేశారు. న్యూజిలాండ్‌లో 2019లో మసీదుల్లో జరిగిన కాల్పుల్లో 51 మంది చనిపోయాక పార్లమెంటులో చట్టానికి 119 ఓట్లు వస్తే ఎదురు పడింది ఒకే ఒక్కటి.

ఇన్నేళ్లకు అదే ఆస్ట్రేలియాలో తుపాకుల సంఖ్య పెరిగి 40 లక్షలు దాటింది. బాండైలో కాల్చిన తండ్రి దగ్గర ఆరు తుపాకులుంటే ఆరింటికీ లైసెన్సు ఉంది. అందుకే ఇప్పుడు సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం మనిషికి నాలుగు, రైతులకైతే పది అని హద్దు పెట్టింది. మంచి చట్టం చేసినవాళ్లు కూడా ముప్పై ఏళ్లు కన్ను మూసుకుంటే ఇలా అవుతుందని తెలిసింది. మనం అసలు కన్ను తెరిచిందెప్పుడు?

అమెరికాలో తుపాకీ రాజ్యాంగ హక్కు. 1791 నుంచీ ఉంది. వాళ్లకు జనం కంటే తుపాకులే ఎక్కువ, నూటికి 120 అని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో అంచనా వేసింది. అది వాళ్ల ఖర్మ, వాళ్లే తేల్చుకోవాలి. మన దేశంలో కర్ణాటకలోని కొడగులో కూడా తుపాకీ ఆచారంలో భాగమే. అక్కడి కొడవ జాతివాళ్లకు బ్రిటిష్ కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది, పండుగనాడు తుపాకీకి పూజ చేస్తారు. ఆ ఇళ్లలో తుపాకీకి ఒక పెద్దరికం, ఒక కట్టుబాటు ఉన్నాయి. మా గంజాంలో ఉన్నది ఆ రెండు రకాలూ కాదు. ఇక్కడ ఏ దొంగ పిస్తోలునైనా మౌజర్ అంటారు. అది బీహార్‌లో దొంగ తుపాకులు తయారయ్యే ముంగేర్ సరుకు అని చిన్న పిల్లలకు కూడా తెలుసు. దాన్ని చూపించి దాదాబటీ, అంటే రౌడీ మామూళ్లు, వసూలు చేస్తారు. ఇది సంస్కృతి కాకపోతే మరేమిటో మీరే చెప్పాలి.

నా సంగతే రాస్తాను. మాది పెద్ద బజారులో బట్టల దుకాణం, మా తాతల నాటిది. ఒక సాయంత్రం ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడొకడు వచ్చి, పంచెల చాపు చూపించమన్నాడు. చూపిస్తుంటే కౌంటరు మీదకు వంగి చొక్కా అంచు పైకెత్తాడు. నడుము దగ్గర నల్లటి పిడి, దానికి ఎలక్ట్రికల్ టేపు చుట్టి ఉంది. ఫలానా అన్న ఫోన్ చేస్తాడు, ఎత్తండి అని చెప్పి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు. పరుగెత్తలేదు కూడా. పోలీసులకు చెబితే, అర్జీ ఇస్తే మీ పేరు బయటికొస్తుంది, ఆలోచించుకోండి అన్నారు. మా ఆవిడకు ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు, చీకటి పడితే షట్టరు దింపేయమని ఫోన్ చేస్తుంది. హెల్మెట్ లేకుండా నాలుగు అడుగులు బండి నడిపితే కెమెరాకు దొరికిపోయే ఈ ఊళ్లో, నడుముకు తుపాకీ పెట్టుకున్నవాడు ఎవరికీ దొరకడు.

చట్టం లేదా అంటే ఉంది. మన 1959 ఆయుధాల చట్టం చాలా దేశాల చట్టాల కంటే గట్టిది. 2019లో ఇంకా బిగించారు. దొంగ తుపాకీ తయారుచేసినా, అమ్మినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. ఒక్కొక్కరికి మూడు తుపాకుల దాకా ఉన్న అనుమతిని రెండుకు తగ్గించారు. మూడోది అప్పగించడానికి ఏడాది గడువిచ్చారు. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. గంజాం జిల్లాలో మూడో తుపాకీ ఎంతమంది అప్పగించారు? ఎంతమంది దాచుకున్నారు? మీ పత్రిక ఏనాడైనా అడిగిందా? ఆ స్మాల్ ఆర్మ్స్ సర్వే వాళ్ల అంచనా ప్రకారమే మన దేశంలో పౌరుల చేతుల్లో ఏడు కోట్లకు పైగా తుపాకులున్నాయి. వాటిలో లైసెన్సున్నవి కోటి కూడా లేవు. మిగిలిన ఆరు కోట్ల చిల్లర గురించి ఒక్క సంపాదకీయం రాయండి.

లైసెన్సు ఉన్నవాడినే మళ్లీ మళ్లీ ఆడిస్తారు. మా మేనమామ మిలిటరీలో చేసి వచ్చి, డబుల్ బ్యారెల్ గన్ మీద బ్యాంకులో గార్డు ఉద్యోగం చేశాడు. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సుదారులను తుపాకులు స్టేషన్‌లో పెట్టమంటారు. అది మంచి నియమమే. కానీ అక్కడ వాటిని చూడాలి మీరు. తుపాకుల వెనక చెక్క పిడులకు దారంతో కాగితం ముక్కలు కట్టి, గోడకు చేరవేసి ఉంటాయి. వర్షం జల్లుకు కాగితం మీద సిరా కరిగిపోయి ఉంటుంది. ఆయన తుపాకీ తిరిగి ఇచ్చేటప్పుడు నంబరు చూడకుండా వేరేవాళ్లది చేతిలో పెట్టారు. నిజాయితీపరుడు కాబట్టి తనే నంబరు చదివి వెనక్కి ఇచ్చాడు. ఒడిశాలో ప్రభుత్వ ఆయుధాగారాలే కొల్లబోయాయి, 2004లో కొరాపుట్‌లో, 2008లో నయాగఢ్‌లో. అప్పటి నుంచైనా తుపాకీకి ఒక లెక్క ఉండాలని ఎవరికీ తట్టలేదు.

2023 జనవరి 29న అప్పటి ఒడిశా ఆరోగ్య మంత్రి నబకిశోర్ దాస్‌ను బ్రజరాజ్‌నగర్‌లో పట్టపగలు కాల్చింది ఎవరు? బందోబస్తు డ్యూటీలో ఉన్న ఏఎస్సై. కాల్చింది సర్వీస్ పిస్తోలుతో. ఆ ఏఎస్సైది మా గంజాం జిల్లాయే. ఏళ్ల తరబడి మానసిక వ్యాధికి మందులు వాడుతున్నాడని ఇంటివాళ్లే చెప్పారు. లైసెన్సు కావాలంటే మాలాంటివాళ్ల దగ్గర డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. యూనిఫాం వేసుకున్నవాడి చేతికి తుపాకీ ఇచ్చేటప్పుడు మనసు ఎలా ఉందో ఏటేటా పరీక్ష చేయించాలని ఆ తర్వాతైనా గట్టిగా రాసిన పత్రిక నాకు కనబడలేదు. మంత్రి ప్రాణం పోయింది, ఆ కుటుంబాల బతుకులు తలకిందులయ్యాయి, నెల తిరక్కుండా అంతా మామూలైపోయింది.

ఇంతకీ దొరికేదెవరు? గజపతి జిల్లా కొండల మీద పంట కాపలాకు నాటు తుపాకీ పెట్టుకున్న సవర ముసలాయన. అడవి పందులు రాత్రికి రాత్రే మొక్కజొన్న దున్నేస్తే అతన్ని పలకరించే ఆఫీసరు ఉండడు. తుపాకీ దొరికితే మాత్రం టేబుల్ మీద పెట్టి, వెనక నలుగురు నిలబడి ఫోటో దిగుతారు, మీరు వేస్తారు. నాటు తుపాకీ ఉండాలని నేననడం లేదు. అది పేలి మనుషులు పోయిన సంగతులు మేమూ విన్నాం. దానికి బదులు పంటకు నష్టపరిహారం సకాలంలో ఇచ్చి, కేసు పెట్టకుండా ప్రభుత్వమే ఆ తుపాకీ కొనుక్కోవాలి. ఆస్ట్రేలియా చేసింది అదే కదా.

మీ పత్రిక మీద కూడా నాకు కోపం ఉంది. రౌడీషీటర్ చచ్చిపోతే వాడి రీల్‌లోంచి తుపాకీ పట్టుకున్న ఫోటో తీసి రంగుల్లో వేస్తారు. మా వీధి పిల్లలు ఆ పేజీని ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఒకప్పుడు ఇలాంటి ఫోటో వేసే ముందు ఆలోచించే సంపాదకులుండేవారు.

కాబట్టి మీ బరంపురం విలేకరిని జిల్లా కలెక్టరు దగ్గరికి, ఎస్పీ దగ్గరికి పంపండి. జిల్లాలో ఎన్ని లైసెన్సులున్నాయి, 2019 చట్టం కింద ఎన్ని తుపాకులు అప్పగించారు, పోయిన అయిదేళ్లలో ఎన్ని మౌజర్లు పట్టుబడ్డాయి, వాటిలో ఎన్ని కేసుల్లో అమ్మినవాడి దాకా వెళ్లారు, ఎన్నింటికి శిక్ష పడింది అని రాతపూర్వకంగా అడగమనండి. జవాబు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టమనండి. అది కూడా మీకు కుదరకపోతే నేనే పెడతాను, వచ్చిన జవాబు మీకు పంపుతాను, మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక బట్టల వ్యాపారి,
పెద్ద బజారు, బరంపురం,
గంజాం జిల్లా, ఒడిశా