ఒకే కోటేషన్‌లో మూడు కరెన్సీలు

పలాస,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

ఎలగున్నావురా? నువ్వు టెక్కలిలో గ్రానైట్ ఆఫీసులో చేరావని అత్త చెప్పింది, చాలా సంతోషం. నిన్న ఫోన్లో "రాయి డాలర్లలో, పాలిష్ యూరోల్లో, లారీ రూపాయల్లో, అన్నీ ఒకే కోటేషన్‌లో కావాలంట, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవట్లేదు" అన్నావు చూడు, అది ఫోన్లో తేలే విషయం కాదు, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు సాఫ్ట్‌వేర్‌ని తిట్టకు. కోటేషన్ కింద "మొత్తం" అని ఒక గడి ఉంటుంది కదా, డాలర్లూ రూపాయలూ కలిపేస్తే అందులో పడే అంకె ఏ డబ్బు? కోటేషన్లూ లెక్కలూ చేసే సాఫ్ట్‌వేర్లు ఈఆర్‌పీనెక్స్ట్‌లో అయినా, ఓడూలో అయినా ఒక కోటేషన్‌కి ఒకటే కరెన్సీ. ఖర్చు ఏ డబ్బులో పుట్టినా దాన్ని ఆ ఒక్క కరెన్సీలోకి మార్చే ఎక్కించాలి.

పోయిన నెల నాకేమైందో విను. జీడిపప్పు కంటైనర్‌కి కోటేషన్, 700 కార్టన్లు, ఒక్కోటి 50 పౌండ్ల బరువు. రూపాయల్లో మొదలుపెట్టి, విశాఖ పోర్టు దాకా లారీకి 22,000 అని చేత్తో కొట్టాను. తర్వాత కొనేవాళ్లు డాలర్లు అడిగారని పైన కరెన్సీ మార్చాను. పప్పు ధర ప్రైస్ లిస్టులోంచి వస్తుంది కాబట్టి అది సరిగ్గానే మారింది, కానీ నేను చేత్తో కొట్టిన 22,000 కదల్లేదు, పక్కన గుర్తు ఒక్కటే డాలరు అయింది. లారీకి 22,000 డాలర్లు! అలాగే మెయిల్ వెళ్లిపోయింది. వాళ్లు అడిగాక సరిచేసి పంపాను గానీ, ఆ రాత్రంతా టెన్షనేరా. అందుకే చెప్తున్నా, కరెన్సీ ముందు పెట్టు, లైన్లు, అంటే ఒక్కో సరుకూ ఖర్చూ ఉండే వరసలు, తర్వాత కొట్టు. మధ్యలో మార్చాల్సి వస్తే చేత్తో కొట్టిన ప్రతి ధరా మళ్లీ చూడు.

ఇక రేటు. గూగుల్‌లో కనపడే రేటుతో లెక్క కట్టేస్తే నష్టపోతావు. మనకొచ్చే డాలర్లను బ్యాంకు తన కొనుగోలు రేటుకి తీసుకుంటుంది, అది తక్కువ. మనం యూరోలు కట్టాలంటే అమ్మకం రేటుకి ఇస్తుంది, అది ఎక్కువ. లెక్క కోసం డాలరు బయట 88, యూరో 100 అనుకో. బ్యాంకు డాలరుకి 87.50 ఇచ్చి, యూరోకి 101 తీసుకుంటుందనుకో. అప్పుడు 300 యూరోల పాలిష్ ఖర్చు 30,300 రూపాయలు, అంటే 346.29 డాలర్లు. గూగుల్ లెక్కలో అయితే 340.91. ఐదు డాలర్లే కదా అనకు, ఇది 300 యూరోలకే.

దీనికంటే ఎక్కువ దెబ్బ కొట్టేది దశాంశాలు. మా లారీ 22,000ని 87.50తో భాగిస్తే 251.43 డాలర్లు. దాన్ని 35,000 పౌండ్ల మీద పంచితే పౌండుకి 0.0072. సాఫ్ట్‌వేర్ రెండు దశాంశాలకే సర్దితే అది 0.01 అవుతుంది, అంటే 350 డాలర్లు. కొనేవాడి మీద దాదాపు 99 డాలర్లు ఊరికే పడ్డట్టే. ధరకి నాలుగు దశాంశాలు పెట్టించు, లేదా లారీని విడి లైనుగా ఉంచు. నాకు విడి లైనే ఇష్టం, కొనేవాడికి కూడా దేనికెంతో తెలుస్తుంది. రేపు కువైట్ వాళ్లు అడిగితే గుర్తుంచుకో, దీనారుకి మూడు దశాంశాలు.

కోటేషన్ కింద ఏ రేటు, ఏ తేదీది, ఎన్ని రోజులు చెల్లుతుంది, ఇవి తప్పకుండా రాయి. మేం ఏడు రోజులు ఇస్తాం. రూపాయల మొత్తం కూడా చూడాలంటే కింద సమాచారం కోసమే అని ఒక వాక్యంలో వెయ్యి, లైన్లలో కలపొద్దు. షిప్పింగ్ బిల్లుకి, అంటే ఎగుమతికి కస్టమ్స్‌లో ఇచ్చే కాయితానికి, కస్టమ్స్ వాళ్ల రేటు వేరే, బ్యాంకులో డబ్బు పడే రోజు రేటు వేరే, ఆ తేడా అకౌంట్స్ వాళ్లు చూసుకుంటారు, నువ్వు వాటితో కోటేషన్ సరిపెట్టాలని చూడకు.

ఒకవేళ మీ కొనేవాళ్లు నిజంగానే కొంత డాలర్లలో, కొంత యూరోల్లో కడతారా, అదొక్కటి ముందు అడుగు. కడతామంటే రెండు కోటేషన్లు చేసి, ఒకదాని నంబరు ఇంకోదాని మీద వెయ్యి. చూడటానికి మాత్రమే అడిగారంటే ఒక్కటి చాలు.

వాళ్లేమన్నారో రాయి. నీ కోటేషన్ కాయితం కూడా పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది తెస్తా. వచ్చే ఆదివారం టెక్కలి వస్తున్నా, అత్తకి చెప్పు, భోజనం అక్కడే.

నీ బావ