ఇంగ్లాండ్ చిన్న పట్టణాల్లో నేరాలు: దేనికి భయపడాలి, దేనికి జాగ్రత్తపడాలి?

సంపాదక మహాశయులకు నమస్కారం.

ఇంగ్లాండ్‌లో ఎక్కడ కత్తిపోటు జరిగినా మన పత్రికల్లో వార్త వస్తుంది. ఆ సాయంత్రానికల్లా ఇక్కడున్న తెలుగువాళ్లకు ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. 2023 జూన్‌లో లండన్‌లోని వెంబ్లీలో హైదరాబాద్ యువతి హత్యకు గురైనప్పుడు, అక్కడికి వంద మైళ్లకు పైగా దూరంలో ఉన్న మా ఊళ్లో కూడా తెలుగు నర్సులకు, వైద్యులకు వారం రోజులపాటు అవే ఫోన్లు, అవే కన్నీళ్లు. కన్నవారి ఆందోళనను నేను తప్పుపట్టడం లేదు. అయితే ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేస్తున్నదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. మనవాళ్ల భయం ఒకవైపు, అసలు ప్రమాదం మరోవైపు ఉన్నాయి. ఆ తేడా మీ పాఠకులకు, ముఖ్యంగా పిల్లలను ఇక్కడికి పంపిన తల్లిదండ్రులకు తెలియాలనే ఈ లేఖ రాస్తున్నాను.

నేనుండే ఊరు బోస్టన్. అమెరికాలోని మహానగరం కాదు, దానికి ఆ పేరునిచ్చిన పాత ఊరు. ఇంగ్లాండ్ తూర్పు భాగంలో, లింకన్‌షైర్ కౌంటీలో, విథమ్ నది ఒడ్డున ఉంది. చుట్టూ క్యాబేజీ, కాలీఫ్లవర్, బంగాళాదుంప పండే పల్లపు పొలాలు. ఊరి మధ్యలో సెయింట్ బోటాల్ఫ్ చర్చి గోపురం, దాని పక్కనే బుధవారం, శనివారం సంత జరిగే మార్కెట్ ప్లేస్. 2004లో ఐరోపా సమాఖ్య విస్తరించాక పోలండ్, లిథువేనియా, లాత్వియా దేశాల నుంచి పొలం పనులకు, కూరగాయల ప్యాకింగ్ షెడ్లకు వేలమంది వచ్చారు. 2001లో దాదాపు 56 వేలున్న బరో (పట్టణం, చుట్టుపక్కల ఊళ్లు కలిసిన స్థానిక పాలనా ప్రాంతం) జనాభా 2021 నాటికి 70 వేలు దాటింది. 2016 రెఫరెండంలో ఐరోపా సమాఖ్య నుంచి బయటకు రావాలని దేశంలోకెల్లా ఎక్కువ శాతం, అంటే 75.6 శాతం, ఓటు వేసిన ప్రాంతం ఇదే. ఆ ఏడాదే కొన్ని ఆంగ్ల పత్రికలు ఈ ఊరికి ‘హత్యల రాజధాని’ అని పేరు పెట్టాయి. ఉద్యోగం వచ్చిందని సంతోషంగా ఊరి పేరు ఇంటర్నెట్‌లో వెతికిన మన పిల్లలకు నేటికీ ఆ పేరే ఎదురవుతుంది.

ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. హత్యలకు హత్యాయత్నాలను కూడా కలిపి, లక్ష జనాభాకు ఎన్ని అని లెక్కగట్టారు. ఇంగ్లాండ్, వేల్స్ రెండింటిలో కలిపి ఇటీవలి ఏళ్లలో ఏడాదికి సుమారు 500 నుంచి 600 హత్యలు నమోదయ్యాయి. జనాభా ఆరు కోట్లు కాబట్టి లక్షకు సుమారు ఒకటి పడుతుంది. (మన దేశంలో జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో అది లక్షకు రెండుకు కొద్దిగా పైన ఉంది.) ఇప్పుడు 65 వేలమంది ఉన్న పట్టణంలో ఏడాదిలో ఒకే ఒక్క హత్య జరిగిందనుకోండి. ఆ ఒక్క ఘటనతోనే లెక్క లక్షకు ఒకటిన్నరకు చేరి, ఊరు జాతీయ సగటును దాటిపోతుంది. మరుసటి ఏడాది ఏమీ జరగకపోతే సున్నాకు పడిపోతుంది. చిన్న ఊరి విషయంలో ఒక్క ఏడాది లెక్క పట్టుకుని తీర్పు చెప్పకూడదని అనడం ఇందుకే.

అలాగని ఇక్కడ ఏమీ జరగదని చెప్పను. 2022 జూలైలో ఈ పట్టణం నడిబొడ్డున, పట్టపగలు, ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల పాపను ఒకడు పొడిచి చంపాడు. లిథువేనియా నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. ఆ వారమంతా ఆ వీధి దగ్గర పూలు పెట్టడానికి వచ్చినవారిలో పాత లింకన్‌షైర్ కుటుంబాల వాళ్లున్నారు, పోలండ్ వాళ్లున్నారు, మేమూ ఉన్నాం. గణాంకాల్లో అది ఒక అంకె అని నేనే కాదు, ఈ ఊళ్లో ఎవరూ అనరు. నా అభ్యంతరం అలాంటి ఘోరాన్ని చూపి మొత్తం ఊరి రోజువారీ భద్రతను అంచనా వేయడం మీదే.

మరి రోజువారీ పరిస్థితి ఎలా తెలుస్తుంది? ఇంగ్లాండ్, వేల్స్‌లలోని 43 పోలీసు దళాల్లో దాదాపు అన్నీ నెలనెలా తమ పరిధిలో నమోదైన నేరాలను వీధుల వారీగా పటం మీద ప్రచురిస్తాయి. పోలీస్.యూకే అనే వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు మనవాళ్లలో చాలామంది అదే తెరుస్తారు, తెరిచి బెదిరిపోతారు. పటం మధ్యలో పెద్ద అంకె కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ‘సూపర్‌మార్కెట్ వద్ద లేదా సమీపంలో’, ‘పార్కింగ్ ప్రదేశం వద్ద లేదా సమీపంలో’ అని వస్తుంది. బాధితుల గోప్యత కోసం నేరం జరిగిన కచ్చితమైన చోటును చూపరు, దగ్గర్లోని ఒక గుర్తింపు బిందువుకు కలిపేస్తారు. అందువల్ల నాలుగైదు సందుల్లో జరిగినవన్నీ ఒకే పార్కింగ్ స్థలంలో జరిగినట్టు కనిపించవచ్చు. పైగా పట్టణం మధ్యలో నివాసముండేవారు తక్కువ, సంతకూ షాపింగుకూ వచ్చిపోయేవారు ఎక్కువ. నేరాలను అక్కడి నివాసుల సంఖ్యతో భాగించేసరికి ఏ చిన్న పట్టణం నడిబొడ్డైనా భయంకరంగానే కనిపిస్తుంది.

ఆ అంకె లోపల ఏముందో కూడా చూడాలి. దుకాణాల్లో దొంగతనాలు చాలా ఉంటాయి. 2024లో దేశవ్యాప్తంగా పోలీసులు నమోదు చేసినవే ఐదు లక్షలు దాటాయి, అప్పటికి అది రికార్డు. 2014 నాటి చట్టంతో 200 పౌండ్ల లోపు సరుకు దొంగిలిస్తే చిన్న నేరంగా పరిగణించడం మొదలైందని, పోలీసుల పట్టింపు అప్పటి నుంచే తగ్గిందని దుకాణదారులు గట్టిగా చెబుతారు. రాత్రిపూట తాగి అల్లరి చేయడం మరొకటి. మా ఊళ్లో 2015 నుంచి వీధుల్లో మద్యం తాగడాన్ని నియంత్రించే ఉత్తర్వు ఉన్నా, నది ఒడ్డున బెంచీల దగ్గర సీసాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇక దాదాపు ప్రతి ఊళ్లోనూ అన్నిటికంటే పెద్ద పద్దు ‘హింస, లైంగిక నేరాలు’. దాన్ని చూడగానే వీధిలో ముక్కూమొహం తెలియనివాడు మీదపడి కొట్టడమే కళ్ల ముందు మెదులుతుంది. కానీ గాయం కాని తోపులాట, వెంటపడి వేధించడం, బెదిరింపు సందేశాలు పంపడం కూడా అందులోకే వస్తాయి. మనుషులపై హింసగా నమోదైన నేరాల్లో మూడో వంతుకు అటూఇటూ గృహహింసకు సంబంధించినవే.

ఇంకో సంగతి. పోలీసులు తమకు అందిన నేరాల్లో దాదాపు ఐదింట ఒకటి అసలు నమోదే చేయడం లేదని 2014లో పోలీసు తనిఖీ సంస్థ తేల్చింది. ఆ తర్వాత నమోదు కట్టుదిట్టమైంది, అంకెలు పెరిగాయి. అదే కాలంలో వేలాది కుటుంబాలను నేరుగా అడిగి తయారుచేసే జాతీయ నేర సర్వే మాత్రం, 1995తో పోలిస్తే హింస, దొంగతనాలు సగానికంటే బాగా తగ్గాయని చెబుతోంది. ‘ఇంగ్లాండ్‌లో నేరాలు రెట్టింపు’ అని శీర్షిక పెట్టే ముందు ఈ రెండు లెక్కల తేడాను ఒక్క వాక్యంలోనైనా పాఠకులకు వివరించడం పత్రికల బాధ్యత అని నా విన్నపం.

ఇప్పుడు మనవాళ్ల విషయానికి వస్తాను. నేను ఇక్కడ కళ్లారా చూసిన బాధితుల్లో ఎక్కువమంది కత్తిపోట్లకు గురైనవారు కాదు, మోసపోయినవారు. ఆ జాతీయ సర్వే ప్రకారం కూడా నేరాల్లో 40 శాతానికి పైగా మోసాలే. చూడని ఇంటికి అడ్వాన్సు పంపి తాళంచెవి రాక రోడ్డున పడ్డ విద్యార్థులు, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ ‘హోం ఆఫీసు’ నుంచి మాట్లాడుతున్నామని బెదిరిస్తే బ్యాంకు వివరాలు చెప్పేసిన కొత్త దంపతులు, 2022లో వృద్ధుల, రోగుల సంరక్షకులకు వీసా దారి తెరిచినప్పుడు, ఉద్యోగమిచ్చే సంస్థ వీసా కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ పత్రం కోసం దళారులకు పదిహేను, ఇరవై లక్షలు ముట్టజెప్పి, ఇక్కడ దిగాక పనే లేదని తెలుసుకున్నవారు. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. వీళ్ల పేర్లు ఏ నేర పటంలోనూ చుక్కలుగా కనబడవు, ఎందుకంటే ఊళ్లో పరువు పోతుందని వీళ్లలో చాలామంది ఎవరికీ చెప్పలేదు. దళారి కూడా మనవాడే కావడం మరో కారణం. ఫోన్‌లో అనుమానాస్పదంగా ఎవరైనా డబ్బు అడిగితే పెట్టేసి, 159కి చేస్తే చాలా బ్యాంకులకు నేరుగా కలుపుతారన్న సంగతి తెలిసినవారు మనలో ఎంతమంది?

ఇళ్లలో దొంగతనాలు దేశం మొత్తం మీద బాగా తగ్గినా, బంగారం కోసం దక్షిణాసియా కుటుంబాల ఇళ్లను ఎంచుకునే దొంగలున్నారు. దీపావళికి ముందు పలుచోట్ల పోలీసులే ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తారు. పెళ్లి నగలు వేసుకుని దిగిన ఫొటోలను అదే రోజు అందరికీ కనబడేలా పెట్టవద్దని మాత్రం చెబుతాను.

వర్ణవివక్షతో చేసే దాడుల గురించి దాచనవసరం లేదు. 2024 జూలై 29న సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు చిన్నారుల హత్య జరిగాక, నిందితుడు వలసవచ్చినవాడన్న పుకారు పుట్టి, ఆ మర్నాడే అక్కడి మసీదుపై, ఆ తర్వాత హార్ట్‌ల్‌పూల్, సండర్‌లాండ్, రోథర్‌హామ్, టామ్‌వర్త్ వంటి చోట్ల అల్లర్లు చెలరేగాయి. సండర్‌లాండ్‌లో డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సులపై దాడి జరిగిందని విన్న రోజు మా ఆసుపత్రిలో రాత్రి షిఫ్టు ముగిసిన వాళ్లెవరూ ఒంటరిగా బయటకు అడుగుపెట్టలేదు. భారత హైకమిషన్ కూడా జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. ఆ భయం నిజమైనది. అంతే నిజమైనది మరొకటి కూడా ఉంది: సౌత్‌పోర్ట్‌లో అల్లరి జరిగిన మర్నాడు ఉదయమే ఊరివాళ్లు చీపుర్లతో వచ్చి వీధులు ఊడ్చారు, తాపీ పనివాళ్లు వచ్చి మసీదు గోడ మళ్లీ కట్టారు. తర్వాతి వారాల్లో దేశవ్యాప్తంగా వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు, చాలామందికి జైలుశిక్షలు పడ్డాయి.

మా వార్డులో పనిచేసే గుంటూరు జిల్లా అమ్మాయికి ఎదురైన అనుభవం చెప్తాను. శీతాకాలంలో ఒక సాయంత్రం బస్‌స్టాప్‌లో నిలబడి ఉండగా కారులో వెళ్తున్న కుర్రాళ్లు తిట్టి, ఆమె మీదకు మిల్క్‌షేక్ గ్లాసు విసిరారు. ‘ఎందుకులే అక్కా, వీసా మీద ఉన్నవాళ్లం, మనకెందుకు గొడవ’ అని కోటు ఉతకబోయింది. వద్దని ఆపి 101కి ఫోన్ చేయించాను. అత్యవసరం కాని ఫిర్యాదులకు ఆ నంబరు. మర్నాడు ఒక పోలీసు అధికారిణి ఇంటికి వచ్చి, బస్సు ఎన్నింటికి రావాలి, కారు రంగేమిటి, వాళ్లు అన్న మాటలు సరిగ్గా ఏమిటి అని ఓపిగ్గా రాసుకున్నారు. మరకలు పడ్డ ఆ కోటును కాగితపు సంచిలో పెట్టి, మూతికి చీటీ అంటించి, దాని మీద ఈ అమ్మాయి పేరు రాసి తీసుకెళ్లారు. ఆ కుర్రాళ్లు దొరకలేదు. అయినా అది ద్వేషంతో చేసిన నేరంగా నమోదైంది, ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు, షిఫ్టు వదిలే వేళల్లో ఆ స్టాప్ మీదుగా పోలీసు వాహనం తిరగడం కొన్నాళ్లు మేమే చూశాం. లింకన్‌షైర్ పోలీసు దళం దేశంలో తలసరి నిధులు అతి తక్కువగా అందే దళాల్లో ఒకటి. ఉన్న కొద్దిమందిని ఎక్కడికి పంపాలో నిర్ణయించేది నమోదైన ఫిర్యాదులే. మనం చెప్పకపోతే మనం నిలబడే బస్‌స్టాప్ వాళ్ల లెక్కలోకే రాదు.

చెల్లుబాటయ్యే వీసా ఉన్న బాధితులు ఫిర్యాదు చేసినంత మాత్రాన వీసా రద్దు కాదు. ఈ ఒక్క విషయం తెలియక ఎంతో నొప్పిని మౌనంగా భరిస్తున్నవారిలో ముందువరసలో ఉన్నది డిపెండెంట్ వీసా మీద వచ్చిన మన ఆడపిల్లలు. భర్త కొడితే ‘నేను చెబితే నిన్ను వెనక్కి పంపేస్తారు’ అన్న బెదిరింపు వాళ్లకు రోజూ వినిపించేదే. గృహహింస బాధితులైన విదేశీ భార్యలకు మూడు నెలలపాటు సొంతంగా ఉండే అనుమతినీ, ప్రభుత్వ సాయాన్నీ ఇచ్చే వెసులుబాటును 2024లో ఉద్యోగుల, విద్యార్థుల జీవిత భాగస్వాములకు కూడా వర్తింపజేశారు. గృహహింస సహాయ నంబరు 0808 2000 247కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ప్రాణాపాయం ఉండి, మొబైల్ నుంచి అత్యవసర నంబరు 999కి చేసి, పక్కన మనిషి ఉన్నందున మాట్లాడలేకపోతే, అడిగినప్పుడు 55 నొక్కితే చాలు, పోలీసులకు కలుపుతారు.

కాబట్టి మీ పత్రికకు నా అభ్యర్థన ఇది. ఇంగ్లాండ్‌లో తెలుగువారికి సంబంధించిన నేరవార్త ఏది ప్రచురించినా, దాని కింద చిన్న పెట్టె కట్టి ఈ నాలుగు నంబర్లూ, అంటే 999, 101, 159, గృహహింస సహాయ నంబరు, వేయండి. స్పాన్సర్‌షిప్ పేరిట జరుగుతున్న మోసాల మీద గుంటూరు, కరీంనగర్, నిజామాబాద్ వంటి జిల్లాల్లోని మీ విలేకరులతో వరుస కథనాలు రాయించండి. ఆ డబ్బు చేతులు మారుతున్నది అక్కడే. సెప్టెంబరులో కొత్త విద్యార్థులు విమానం ఎక్కడానికి ముందే అవి వస్తే మరింత మేలు.

ఇట్లు
భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
బోస్టన్, లింకన్‌షైర్, ఇంగ్లాండ్