ర్యాలీలు సరే, గంజాయి చాక్లెట్ సంగతి ఎవరు చెప్తారు?

ఎడిటర్ గారికి,

జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం వచ్చిందంటే నగరంలో కాలేజీ పిల్లలతో ప్లకార్డులు పట్టించి ర్యాలీలు తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. గంజాయి తాగితే బతుకు నాశనమన్న మాట ఇంటర్ కుర్రాడికి కొత్తేం కాదు. తెలియాల్సినవి వేరే ఉన్నాయి. అవి ఆ మైకుల్లో వినపడవు.

చాక్లెట్ సంగతే చూడండి. సిగరెట్‌లో కూరి తాగితే మత్తు నిమిషాల్లో ఎక్కి, 2 నుంచి 4 గంటల్లో చాలావరకు దిగుతుంది. తింటే అలా కాదు. అందులో మత్తెక్కించే రసాయనం టీహెచ్‌సీ చాలావరకు కాలేయంలో ఇంకా ఘాటైన రూపంలోకి మారి మెదడుకు చేరుతుంది. దానికి అరగంట నుంచి 2 గంటలు పడుతుంది. కుర్రాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఒకటి తిని ముప్పావుగంట చూస్తారు, 'ఇందులో ఏం లేదురా' అని ఇంకోటి నోట్లో వేసుకుంటారు. రెండూ కలిసి ఎక్కుతాయి. గుండె దడ, వాంతులు, ప్రాణం పోతోందన్న భయం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం. ఇది 6 నుంచి 8 గంటలు, ఒక్కోసారి 12 గంటల దాకా వదలదు. రేపర్ మీద మోతాదు రాసి ఉన్నా నమ్మడానికి లేదు. దొంగసరుకులో ఒక ముక్కలో ఉన్నంత పక్క ముక్కలో ఉండదు.

అప్పుడు ఇంట్లోవాళ్లు నిమ్మరసమో, మజ్జిగో, చింతపండు రసమో గొంతులో పోస్తారు. మగతలో ఉన్న మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వేళ్లు పెట్టి కక్కించడమూ అంతే. మెలకువగా ఉండి మాట్లాడుతుంటే సందడి లేని గదిలో కూర్చోబెట్టి, ఒకరు పక్కనే ఉండాలి. బండి తాళాలు తీసేసుకోవాలి. పిలిస్తే సరిగ్గా పలక్కపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. రేపర్ ఉంటే వెంట తీసుకెళ్లాలి. పరువు కోసం 'బయటేదో తిన్నాడు' అంటే డాక్టర్లు వేరే జబ్బులు వెతుకుతూ ఉంటారు. అదే చాక్లెట్ చిన్నపిల్లల చేతికి చిక్కి తింటే లక్షణాల కోసం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే, ఊపిరి మందగించవచ్చు.

ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లలో కొందరికి తెరలు తెరలుగా వాంతులొస్తాయి. గ్యాస్ట్రిక్ అనుకుని ఎండోస్కోపీలు చేయిస్తారు. దీనికో గుర్తుంది: వేడినీళ్లు పోసుకుంటే ఉపశమనం. అందుకే రోజుకు నాలుగైదుసార్లు స్నానానికి వెళ్తుంటారు. తల్లిదండ్రులు గమనించాల్సింది అది. గంజాయి పూర్తిగా మానితేనే ఇది తగ్గుతుంది.

తాగిన ప్రతివాడికీ పిచ్చెక్కుతుందని భయపెట్టడం మాత్రం ఆపాలి. పక్క బెంచీవాడు తాగీ బాగానే కనిపిస్తుంటే, మనం చెప్పిన మిగతా నిజాలను కూడా నమ్మరు. ఉన్నదున్నట్టు చెప్తే చాలు: వాడేవారిలో సుమారు 10 మందిలో ఒకరు బానిసవుతారు, టీనేజీలో మొదలుపెడితే 6 మందిలో ఒకరు. కుటుంబంలో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్నవాళ్లకు మతి చెడే ముప్పు ఇంకా ఎక్కువ.

మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, చెమటలు మొదలవుతాయి, నిద్ర పట్టదు, ముద్ద దిగదు. మొదటి వారం గట్టిగా ఉండి, చాలామందికి రెండు వారాల్లో సద్దుమణుగుతుంది. ఈ సంగతి ముందే తెలియక మూడోరోజే మళ్లీ మొదలుపెడతారు.

ఇక కేసు భయం. జైలు శిక్షల సంగతి పోస్టర్ల మీద కనిపిస్తుంది గానీ, 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్డీపీఎస్)లోని 64ఏ సెక్షన్ కనిపించదు. వాడినందుకో, చిన్న మోతాదు దొరికినందుకో కేసైన బానిస, తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు.

కాలేజీ నోటీసు బోర్డుల్లో మత్తుమందుల అమ్మకాలపై సమాచారమివ్వడానికి 1908 నంబరు పెడుతున్నారు, మంచిదే. దాని పక్కనే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, తెలుగులోనూ మాట్లాడే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయించాలని ఇంటర్ బోర్డును, యాజమాన్యాలను కోరుతున్నాం.

– మానసిక ఆరోగ్య కార్యకర్తలు, మెహదీపట్నం, హైదరాబాద్