పని ఏడాదంతా, ఆర్డరు మాత్రం టెంపరరీ

ఒరేయ్ రమణా,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? ఈసారీ నీ కాంట్రాక్టు రెన్యువల్ ఆర్డరు ఆలస్యమైందని, ఇంట్లో అందరూ టెన్షన్ పడ్డారని అమ్మ ఫోన్లో చెప్పింది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాక కూడా ఏటా ఈ ఎదురుచూపులేమిటని మనసు కలుక్కుమంది.

"మీ నెదర్లాండ్స్‌లో సగంమంది పార్ట్‌టైమేనట, ఎలా బతుకుతున్నారు" అని అడిగావుగా. నిజమేరా. ఇక్కడ దాదాపు సగంమంది వారానికి 35 గంటలకన్నా తక్కువే పనిచేస్తారు. ఆడవాళ్లలోనైతే పదిమందిలో ఏడుగురు. మా ఆఫీసులో మేనేజర్లు కొందరు నాలుగు రోజులే వస్తారు, వాళ్లనెవరూ తక్కువగా చూడరు.

ఇది ఊరికే వచ్చింది కాదు. 1980ల మొదట్లో ఇక్కడ నిరుద్యోగం విపరీతంగా పెరిగింది. 1982లో వాసెనార్ అనే ఊళ్లో యూనియన్లూ యజమానులూ ఒక మాటకొచ్చారు. జీతాల పెంపు కోసం పట్టుబట్టం, మీరు పని గంటలు తగ్గించి ఎక్కువమందికి పనివ్వండి అన్నారు యూనియన్ల వాళ్లు. వాళ్ల తరఫున మాట్లాడిన విమ్ కోక్ తర్వాత ప్రధాని అయ్యాడు. నా దృష్టిలో అసలు మేలు చేసింది 1996 నాటి చట్టం. గంటలు తక్కువని గంట జీతంలో, సెలవుల్లో, పెన్షన్‌లో తేడా చూపకూడదంది. గంటలు తగ్గించమనీ, పెంచమనీ అడిగే హక్కు 2000లో వచ్చింది. కాదనాలంటే యజమాని గట్టి కారణం చూపాలి.

ఇక్కడా బాధలున్నాయిరా. గంటలు తగ్గించుకున్న ఆడవాళ్లకు ముసలితనంలో పెన్షన్ తక్కువొస్తుంది. గ్రీన్‌హౌసుల్లో, గోదాముల్లో ఏజెన్సీల కింద పనిచేసే పోలండ్ వాళ్లలో చాలామందికి గది కూడా ఏజెన్సీదే. పని పోతే గదీ పోతుంది.

జపాన్‌లో అచ్చం ఇలాగే జరిగింది. 2004లో ఫ్యాక్టరీల్లోకి కూడా ఏజెన్సీ కార్మికుల్ని అనుమతించారు. 2008లో మాంద్యం రాగానే ముందు తీసేసింది వాళ్లనే. కంపెనీ హాస్టళ్లు కూడా ఖాళీ చేయించారు. ఆ కొత్త సంవత్సరానికి టోక్యోలోని హిబియా పార్కులో యూనియన్లు, స్వచ్ఛంద సంస్థలు టెంట్లు వేసి భోజనాలు పెడితే దాదాపు 500 మంది చేరారు. టెంట్లు చాలక, దగ్గర్లోని కార్మిక మంత్రిత్వ శాఖ తన హాలు తెరవాల్సి వచ్చింది. ప్రపంచంలోనే పెద్ద ధనిక దేశాల్లో ఒకటిరా అది! చదివినప్పుడు చాలా కోపమొచ్చింది.

అందుకే పార్ట్‌టైమునూ టెంపరరీనీ ఒకే గాటన కట్టొద్దంటాను. భరోసా ఉంటే నాలుగు రోజుల పనితో హాయిగా బతకొచ్చు. నువ్వు మాత్రం రెగ్యులర్ వాళ్లతో సమానంగా క్లాసులు చెప్తావు, పేపర్లు దిద్దుతావు, అయినా వచ్చే ఏడాది ఉంటావో లేదో తెలియదు. ఇది అన్యాయం.

మార్చలేనిదేమీ కాదు. స్పెయిన్‌లో నలుగురిలో ఒకరు టెంపరరీగా ఉండేవారు. 2021 చివర్లో చట్టం మార్చి, మామూలు పనికి పర్మినెంట్ కాంట్రాక్టే ఇవ్వాలన్నారు. కొద్ది కాలంలోనే ఆ సంఖ్య ఆరుగురిలో ఒకరికి పడిపోయింది.

మీ సంఘం వినతిపత్రంలో ఇదీ రాయించు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని మన సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పును కూడా చేర్చండి. పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసు అది. నీ ఆర్డరు కాపీ ఫోటో తీసి పంపు. రెగ్యులర్ లెక్చరర్ మూల వేతనంతో పోల్చి ఆదివారం ఫోన్లో లెక్క వేద్దాం.

నీ
శ్రీను