కాగితం సంచిలో దాచండి, మూడు రోజులు దాటనివ్వకండి

సంపాదకులకు,

హాస్టల్ పిల్లపై అఘాయిత్యం జరిగిందని తెలిస్తే చాలాచోట్ల ముందు పెద్దల పంచాయితీ పెడతారు. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో రాజీ చేసే అధికారం ఎవరికీ లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలి. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెట్టిన ప్రిన్సిపాల్‌కు ఏడాది వరకు జైలు.

ఆలస్యమైతే సాక్ష్యం పోతుంది. తల్లి మనసు ఆగక బిడ్డకు స్నానం చేయించి బట్టలు ఉతికేస్తుంది. ఆమెను తప్పుపట్టలేం, కానీ కేసు అక్కడే బలహీనపడుతుంది. ఆ బట్టలను ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మకి బూజు పట్టి మరకలు పాడవుతాయి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర, హెచ్ఐవీ నివారణ మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి. స్నానం అయిపోయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి.

ఎఫ్ఐఆర్ తెమ్మని డాక్టర్లు వెనక్కి పంపకూడదు. ప్రైవేటు ఆసుపత్రిలోనూ చికిత్స ఉచితమే. బాలికను మహిళా డాక్టరే పరీక్షించాలి. పిల్ల శ్రీకాకుళం హాస్టల్లో ఉన్నా, ఇచ్ఛాపురంలోని తల్లిదండ్రులు తమ ఊరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్ఐఆర్) ఇవ్వొచ్చు. వంద కిలోమీటర్లకు పైగా పరుగెత్తనక్కర్లేదు. వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. కేసు తేలకముందే మధ్యంతర పరిహారం ఇప్పించమని ప్రత్యేక కోర్టును అడగొచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

జిల్లా అధికారులకు ఒక్క విన్నపం: పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరును ఆఫీసు గోడ మీద కాదు, హాస్టల్ స్నానాల గది తలుపు లోపలివైపు రాయించండి. అక్కడైతే పిల్ల ఒంటరిగా చదువుకోగలదు.

- న్యాయ సహాయ కార్యకర్తలు, శ్రీకాకుళం