పాత పళ్ల అచ్చులు పారేయకండి

సంపాదకుడికి,

కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 2025 అక్టోబరు 24న బస్సు తగలబడినప్పుడు, ఎవరి దేహం ఎవరిదో పోల్చుకోలేక బంధువులు డీఎన్‌ఏ ఫలితాల కోసం ఎదురుచూశారు. అదే రహదారిపై 2013లో పాలెం వద్ద 45 మంది కాలిపోయినప్పుడూ ఇదే గోస. దంతవైద్యుణ్ణి కాబట్టి ఒక సంగతి చెప్పాలనిపించింది.

నాలుక కొనను పైపళ్ల వెనక ఆనించి చూడండి. గట్లుగట్లుగా తగులుతాయి. తల్లి కడుపులో మూడో నెల దాటేసరికే ఏర్పడే ఈ అంగిలి ముడతలు మనిషికీ మనిషికీ మారతాయి. పెదాలు, బుగ్గలు, పళ్లు, నాలుక అడ్డుండటంతో ముఖం కాలినా ఇవి చాలాసార్లు మిగులుతాయి. వీటితో మనిషిని గుర్తుపట్టవచ్చని అమెరికా వైద్యుడు హారిసన్ అలెన్ 1889లోనే సూచించాడు.

అయితే పోల్చడానికి బతికున్నప్పటి ముద్ర ఉండాలి కదా! తప్పంతా మా దగ్గరే ఉంది. కట్టుడు పళ్లకో, క్లిప్పులకో పైదవడ కొలత తీసినప్పుడల్లా అంగిలి గీతలతో సహా ప్లాస్టర్ అచ్చు వస్తుంది. పని కాగానే చెత్తబుట్టలో వేస్తాం. నేనూ బస్తాలకొద్దీ పారబోసినవాణ్ణే. దాచడానికి చోటుండదు, నిజమే. స్కాన్ చేయించుకోవచ్చు, అదీ లేదంటే పక్కన స్కేలు పెట్టి తేదీతో ఫోటో తీసుకున్నా నయమే.

నోట్లో ఒక్క పన్నూ లేని పెద్దవాళ్ల విషయంలో ఇది మరీ అక్కరకొస్తుంది. ఇంట్లో డబ్బాలో పడి ఉన్న పాత కట్టుడు పళ్ల సెట్టు లోపలివైపు కూడా ఆ ముద్ర దొరకవచ్చు.

డీఎన్‌ఏ పరీక్షకు ఇది బదులు కాదు. పళ్లు తీయించినా, క్లిప్పులతో జరిపినా గట్ల కొసలు కొంత కదులుతాయి. మంట మరీ ఎక్కువైతే అంగిలీ మిగలదు. దీన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చేయమని నేననను. వేలిముద్రలు చాలక ఇక అంగిలి ముద్రలూ ఇవ్వాలా అని ఎవరూ కంగారుపడక్కర్లేదు. అందరి దగ్గరా సేకరించమనడం లేదు, ఎలాగూ తీస్తున్న అచ్చుల వివరాలను రోగి ఒప్పుకుంటే ఉంచమంటున్నాను, అంతే. చనిపోయినప్పుడో, తప్పిపోయినప్పుడో కుటుంబం అడిగితేనే బయటికి ఇవ్వాలి.

రాష్ట్ర దంతవైద్య మండళ్లు ఈ మేరకు ఆదేశం ఇవ్వాలి. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లో ముందుగా మొదలుపెట్టవచ్చు.

– ఒక దంతవైద్యుడు, కర్నూలు