మన గైడ్ల సంఘం వార్షిక నివేదిక, 2023-24

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన బైలాలో ఉంది కాబట్టి ఎలాగూ చదువుతాను. పోయినేడు నేను చదువుతుంటే సగం మంది బయట బజ్జీల దగ్గరే నిలబడ్డారు, అందుకే ఈసారి ముందే గ్రూపులో పెడుతున్నాను.

ఈ ఏడాది మనం చేసిన అసలు పని ఒక్కటే, నియమావళి. 1985లో మొదలైన ప్రపంచ టూరిస్ట్ గైడ్ల సంఘాల సమాఖ్య, గైడ్ అనేవాడు ఎలా నడుచుకోవాలో క్లుప్తంగా రాసి పెట్టింది. దాన్ని మనమూ పాటిస్తామని రెండేళ్ల కిందటే చేతులెత్తాం. చేతులైతే లేచాయి గానీ చదివింది ఎంతమందో నాకు తెలుసు, జిరాక్సు కాపీలన్నీ నా బీరువాలోనే పడున్నాయి. తెలుగులో ఉంటేనన్నా చదువుతారని ఐదుగురితో ఒక కమిటీ వేశాం. ఐదుగురిలో ఇద్దరే వచ్చారు. మిగతా ముగ్గురూ వాట్సాప్‌లో బొటనవేలు చూపించారు. వాళ్ల పేర్లు కూడా కింద వేయాలని ఒత్తిడి వచ్చింది, వేయలేదు. కోపమొస్తే రానీండి.

తెలుగు చేయడం అనుకున్నంత సులువు కాలేదు. మొదటి నియమంలోనే, చూపించే చోటు గురించి పక్షపాతం, ప్రాపగాండా లేకుండా చెప్పాలని ఉంది. ఆ రెండో మాటకి 'ప్రచారం' అని రాస్తే మన ఊళ్లో ఎవరొప్పుకుంటారు? ఇక్కడ ధర్మ ప్రచారం అంటే పుణ్యకార్యం. ఒక సాయంత్రమంతా దీని మీదే పోయింది, నాలుగు రౌండ్ల టీ తాగాక 'ఏ ఒక్క వైపుకీ లాగకుండా' అని తేల్చాం. ఇప్పటికీ నాకిది పూర్తిగా నచ్చలేదు. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పండి.

అసలు గొడవ రెండో నియమం దగ్గర. వీలైనంతవరకు నిజాలే చెప్పాలి, నిజాలను కథలు, ఐతిహ్యాలు, సొంత అభిప్రాయాలతో కలపకుండా విడదీసి చెప్పాలి అని దాని భావం. మన పెద్దాయన ఒకరు లేచి, "స్వామి మహత్యాన్ని కథ అనమంటారా? ఇదేం పాపం సామీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. తిరుమల కొండ మీది శిలాతోరణం దగ్గర నిలబడి, ఇది గాలీ వానా కోసిన రాయి, భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ స్మారకంగా గుర్తించారు అని చెప్పి ఊరుకుంటే కొండకొచ్చిన భక్తుడికి సగమే చెప్పినట్టు. స్వామి అడుగు పెట్టిన చోటని మాత్రం చెప్పి ఊరుకున్నా సగమే. చివరికి మనం రాసుకున్నది ఇది: దేన్నీ అబద్ధమని చెప్పమనడం లేదు, ఎవరు చెప్పారో చెప్పమంటున్నాం. శాసనం చెబుతోందా, పురాణం చెబుతోందా, మా తాత చెప్పాడా అన్నది ముందే అనేసి ఆ తర్వాత మాట మొదలుపెట్టాలి. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలుకొని ఏడుసార్లు కొండకొచ్చాడంటే అది తిరుమల గోడల మీది శాసనాల లెక్క. గుడిమల్లం లింగం క్రీస్తు పూర్వానిదని కొందరు పండితులు, అంత పాతది కాదని కొందరు అంటారు, కాబట్టి రెండూ చెప్పాలి. "ప్రపంచంలోనే మొట్టమొదటిది" అని మైకులో అరవకూడదు. పెద్దాయన ఒప్పుకున్నారు, సంతకం కూడా మొదట ఆయనే పెట్టారు.

ఇక ఫిబ్రవరి 21. అంతర్జాతీయ టూరిస్ట్ గైడ్ల దినోత్సవం, అదే రోజు మాతృభాషా దినోత్సవం కూడా. రెండూ కలిపి చంద్రగిరి కోటలో గవర్నమెంట్ హైస్కూల్ పిల్లలకి ఉచితంగా, పూర్తిగా తెలుగులో కోట చూపించాం. రోజూ ఇంగ్లీషు, హిందీ, తమిళంలో గడగడా చెప్పే మనవాళ్లు తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి తడబడ్డారు, ఒకాయనకి బురుజు అన్న మాట ఎంతకీ నోటికి రాలేదు. పిల్లలకి ఒక ఆట పెట్టాం. గైడ్ ఎక్కడైనా ఐతిహ్యాన్ని చరిత్రలా చెప్పేస్తే "కథ!" అని అరవాలి. కృష్ణదేవరాయలు, చిన్నాదేవి ఇక్కడే ప్రేమించుకున్నారు అనగానే కోట దద్దరిల్లింది. మద్రాసు భూమిని 1639లో ఇంగ్లీషువాళ్లకి ఇచ్చింది ఇక్కడి రాజే అన్నప్పుడు వాళ్ల సోషల్ టీచరమ్మే చెయ్యెత్తి, పత్రం ఇచ్చింది రాజు కింద ఉన్న దామెర్ల వెంకటాద్రి కదండీ అని దిద్దారు. ఆ తర్వాత నా వంతు. కోట నుంచి కొండ మీదికి సొరంగం ఉందని పదిహేనేళ్లుగా చెబుతున్నాను, అలవాటులో నోరు జారింది. నలభై మంది ఒక్కసారిగా అరిచారు. ఆ సొరంగం ఎవరు చూశారో నాకూ తెలీదు, మా సీనియర్ దగ్గర విన్నాను, అంతే.

కానీ నేను అందరికీ చెప్పుకునేది వేరే సంగతి. రాజమహల్ దగ్గర మనవాళ్లలో అందరికన్నా చిన్నవాడు, ఇది రాయి, ఇటుక, సున్నంతో కట్టింది, కట్టడంలో కర్ర వాడలేదు అని చెబుతున్నాడు. రెండు జడల పిల్ల ఒకతి, "మరి తలుపులు దేంతో చేశారు సార్?" అంది. వీడు పైకి చూశాడు, గుమ్మం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేనైతే ఏదో ఒకటి అల్లేసేవాణ్ణి. వాడు, "తెలీదమ్మా, కనుక్కుని మీ టీచర్‌కి ఫోన్ చేసి చెబుతా" అన్నాడు. నియమావళిని అంతమంది ముందు పాటించినవాణ్ణి నేను చూడటం అదే మొదటిసారి. వాడికి శాలువా కప్పుదామని ప్రతిపాదిస్తున్నాను, కోశాధికారి గారు దయచేసి ఖర్చు సంగతి ఎత్తవద్దు.

ముఖ్య అతిథిగా పిలిచిన అధికారి రాలేదు. ఆయన కోసం పిల్లల్ని వేపచెట్టు కింద గంటన్నర కూర్చోబెట్టాం, పులిహోర చల్లారిపోయింది. ఆయన ఫోటోతో వేయించిన ఫ్లెక్సీ ఇప్పుడు మా వీధిలో ఒకరి గడ్డివాము మీద ఉంది. వచ్చే ఏడాది అతిథి వచ్చినా రాకపోయినా పదింటికి మొదలుపెడతాం.

అతిథుల్ని తీసుకెళ్తే కొట్లవాళ్లు మనకిచ్చే కమీషన్ల సంగతి తేలలేదు. అందరితో న్యాయంగా వ్యవహరించాలని నియమం. శ్రీకాళహస్తిలో కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ మీద కలంతో గీసి, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపు అద్ది, ఏటి నీళ్లలో ఉతికి, రోజుల తరబడి చేసే కలంకారీ పని ఒకటి. అచ్చు గుద్దిన గుడ్డని అదే పేరుతో అమ్మే కొట్టు ఇంకొకటి. రెండో కొట్టే మనకి ఎక్కువ ఇస్తుంది. కమీషన్ లేకపోతే సీజన్ కాని నెలల్లో ఇల్లు గడవదని కొందరన్నారు, అదీ నిజమే. ప్రస్తుతానికి రెండు తీర్మానాలు: అచ్చు గుడ్డని చేత్తో గీసిందని చెప్పకూడదు, కమీషన్ ఉంటే అతిథికి ముందే చెప్పాలి. రెండోదానికి సగం మందే ఒప్పుకున్నారు.

ఫిర్యాదు ఒకటి వచ్చింది. దర్శనం టికెట్లు ఇప్పిస్తానని ఒక తమిళ కుటుంబం దగ్గర మన సభ్యుడొకరు అడ్వాన్స్ తీసుకున్నారు. మన గదిలోనే కూర్చోబెట్టి డబ్బు వెనక్కి ఇప్పించాం, ఆ పెద్దావిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది, తప్పు పట్టలేను. ఆ సభ్యుడిని ఆరు నెలలు జాబితా నుంచి తీసేశాం. నాకు పాత స్నేహితుడు, ఇప్పుడు బస్టాండ్ దగ్గర నేను ఎదురైతే రోడ్డు దాటి పోతున్నాడు.

లెక్కల కాగితం విడిగా ఉంది, కోశాధికారి చదువుతారు. ఫ్లెక్సీకి ఎక్కువైంది, చందాలు తక్కువైనాయి, అంతే.

కృతజ్ఞతలు: హైస్కూల్ హెడ్‌మాస్టరు గారికి, సోషల్ టీచరమ్మకి, కోట సిబ్బందికి, పులిహోర కలిపిన మా వదినకి, డబ్బు తీసుకోని చంద్రగిరి ఆటో అన్నలిద్దరికి, టీ బాకీ ఇంకా అడగని కొట్టాయనకి, జిరాక్సులు సగం ధరకే తీసిచ్చిన తమ్ముడికి, కమిటీకి వచ్చిన ఇద్దరికి.

తెలుగు ప్రతి మీద ఇంకా పదకొండు మంది సంతకం పెట్టాలి. కాగితం, పెన్ను సమావేశం గుమ్మం దగ్గరే ఉంటాయి, బజ్జీలు ఆ తర్వాతే.

ఇట్లు,
కార్యదర్శి